ఖాళీ గడి వెనుక మనిషి

కుడిచేతితో ఇచ్చినది ఎడమచేతికి తెలియకూడదని మన పెద్దలు చెబుతారు. ఇచ్చేవారికి అది గొప్ప నీతి. కాని ఇచ్చిన చేతులు వందల సంఖ్యలో ఉన్నప్పుడు, పుచ్చుకొన్న చేయి మాత్రం లెక్క వ్రాసుకొనక తప్పదు. ఎవరు ఇచ్చారు, ఎప్పుడు ఇచ్చారు, దేనికోసం ఇచ్చారు అన్న వివరాలు మరచిన ధర్మసంస్థ ఎంతో కాలం నిలువదు. అటువంటి లెక్క వ్రాసే ఒక చిన్న బృందానికి పెద్దగా వ్యవహరించే బాధ్యత కొన్నేళ్ళపాటు మాపై పడింది. ఆ పనిలో చదివి నేర్చుకొన్న దానికంటె, చేసిన ఒక పొరపాటు మాకు ఎక్కువ నేర్పింది. దానిని మన పత్రిక పాఠకులతో పంచుకొనాలన్నదే మా ఉద్దేశం.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ వద్ద తీరం దాటిన సంగతి ఆ ప్రాంతంలో నివసించిన మనవారెవ్వరూ మరువలేరు. కాలనీలో నిలబడి ఉన్న చెట్టు కనబడితే ఆశ్చర్యపోయిన రోజులవి. కరెంటు లేదు, కుళాయి నీరు లేదు, ఫోను లేదు. తమ కిటికీ అద్దాలు పగిలి వాన ఇంట్లోకి కొట్టినవారే, పక్క బస్తీలో కూలిన కాంట్రాక్టు కార్మికుల ఇళ్ళను చూసి, జేబులో ఉన్నది తీసి ఇచ్చారు. ఉద్యోగులు నడుపుకొనే మా సేవాసంఘంలో రసీదు పుస్తకాలు చాలక తెల్లకాగితాలపై వ్రాసి ఇచ్చాము. ఆ సంఘం అప్పటికే చాలాకాలంగా కాంట్రాక్టు కార్మికుల పిల్లలకు బడి రుసుములు, పుస్తకాలు సమకూరుస్తున్నది. సభ్యులైన ఉద్యోగుల జీతం నుంచి నెలకు 20 రూపాయలో, 50 రూపాయలో, 100 రూపాయలో మినహాయిస్తారు. ఆ చిన్న మొత్తాలే సంఘానికి ఊపిరి.

తుపాను సహాయం ముగిసిన తరువాత సంఘం పెద్దలు మమ్మల్ని పిలిపించారు. "మీరు కంప్యూటరు విభాగంలో ఉన్నారు కదా! ఇన్ని కొత్త పేర్లు మనకు చేరాయి. వచ్చే ఏడు వీరిలో ఎందరు మిగులుతారో, ఎవరికి ఉత్తరం వ్రాస్తే ఫలితం ఉంటుందో తేల్చి చెప్పండి" అన్నారు. డ్యూటీ దిగిన తరువాత చేసే పని, ప్రతిఫలం లేదు, ఉన్నదల్లా ఒక పాత కంప్యూటరు, ఒక బల్ల. అకౌంట్సు నుంచి ఒక గుమాస్తా, టైం ఆఫీసు నుంచి ఒక సోదరి, అప్పుడే శిక్షణ ముగించిన ఒక యువ ఇంజనీరు వచ్చి చేరారు. మాతో కలిపి నలుగురం.

మొదటి ఆరు నెలలు విశ్లేషణ అన్న మాటే ఎత్తలేదు. పేర్లు సరిచేయడంతోనే సరిపోయింది. మన పేర్ల సంగతి పాఠకులకు తెలియనిది కాదు. అప్పలరాజులు ఎందరో, సత్యనారాయణలు ఎందరో. ఇంటిపేరు ఒక రసీదులో ముందు, మరొక రసీదులో వెనుక; ఒకచోట పొడి అక్షరం, ఇంకొకచోట పూర్తిపేరు. లక్ష్మి అన్న పేరునే ఇంగ్లీషులో నాలుగు విధాలుగా వ్రాసిన రసీదులు ఉన్నాయి. ఒకే మనిషి ముగ్గురుగా, ముగ్గురు మనుషులు ఒకరుగా పట్టికలో చేరిపోయారు. చివరకు ఉద్యోగి సంఖ్యను ఆధారం చేసుకొని ఆ చిక్కు విప్పాము. ఆ చాకిరీ వృథా కాలేదు. విరాళాలపై ఆదాయపు పన్ను మినహాయింపు వర్తించే సంస్థలు 2021–22 ఆర్థిక సంవత్సరం నుండి దాతల వివరాలను పన్ను శాఖకు నివేదించవలసి వచ్చినప్పుడు, మా సంఘం తడబడకుండా ఆ పని చేయగలిగింది. అయితే మేము నమ్ముకొన్న ఆ ఉద్యోగి సంఖ్యే ఒకనాడు మమ్మల్ని దారి తప్పిస్తుందని అప్పట్లో ఊహించలేదు.

పట్టిక సిద్ధమైన తరువాత ప్రతి దాత విషయంలోనూ మూడు ప్రశ్నలు వేసుకొన్నాము. చివరిసారి ఎప్పుడు ఇచ్చారు? ఎన్నిసార్లు ఇచ్చారు? మొత్తం ఎంత ఇచ్చారు? ఈ పద్ధతి మేము కనిపెట్టినది కాదు. టపా ద్వారా సరుకులు అమ్మే అమెరికా వ్యాపార సంస్థలు అనేక దశాబ్దాల క్రితమే దీనిని అనుసరించాయి. విరాళాలు సేకరించే సంస్థలు కూడా తరువాత దీనిని చేపట్టాయి. మూడింటిలో మొదటి రెండు ప్రశ్నలకు బలం ఎక్కువ. ఒక్కసారి పెద్దమొత్తం ఇచ్చి వెళ్ళినవారి కంటె, నెలనెలా కొద్దిగా ఇచ్చేవారు మళ్ళీ ఇచ్చే అవకాశం అధికం. మా పట్టికలోనూ అదే కనబడింది. తుపాను నాడు ఉదారంగా ఇచ్చినవారిలో అధికులు మరుసటి ఏడు కానరాలేదు. అది వారి దోషం కాదు. వారు తుపాను బాధితులకు ఇచ్చారు, మా సంఘానికి కాదు. కష్టం కళ్ళెదుట ఉన్నప్పుడు అందరి మనసూ కరుగుతుంది. అది కనబడని నెలల్లో కూడా గుర్తుచేయడమే ఈ పనిలోని అసలు చిక్కు.

2018లో సంఘం రాబడి తగ్గసాగింది. ఆగస్టులో కేరళ వరదలు, అక్టోబరులో శ్రీకాకుళం జిల్లాను అతలాకుతలం చేసిన తిత్లీ తుపాను వచ్చాయి. ఉద్యోగుల సహాయం సహజంగానే అటు మళ్ళింది. ఇక్కడ పదకొండుమంది పిల్లల రుసుము ఎక్కడినుంచి తేవాలో తెలియని స్థితి ఏర్పడింది. ఏదో ఒకటి చేయాలన్న ఆత్రుతలో, ఆరు నెలలుగా జీతం నుంచి మినహాయింపు జరగని దాతలందరినీ వేరుచేయించాము. వారి వరుసలకు ఎరుపు రంగు వేసి, ఎదుట "మానినవారు" అని గుర్తు పెట్టించాము. వారికోసం ఒక ఉత్తరం తయారుచేశాము. "గత ఆరు నెలలుగా మీరు సహాయం మానివేసినందుకు విచారిస్తున్నాము. పిల్లల చదువును మధ్యలో విడువవద్దని ప్రార్థిస్తున్నాము" అన్నది దాని సారాంశం. భాష మర్యాదగానే ఉన్నదనుకొన్నాము. పేర్లు కంప్యూటరు నింపింది. సంతకం మాత్రం మాదే.

పది రోజుల తరువాత ఒక సాయంత్రం, యాభై దాటిన ఒక తల్లి తన కూతురిని వెంటబెట్టుకొని సంఘం గదికి వచ్చారు. ఆమె చేతిలో మా ఉత్తరం ఉంది. అది ఆమె భర్త పేరిట వెళ్ళింది. ఆయన క్రేను ఆపరేటరు. పదవీ విరమణకు ఇంకా రెండేళ్ళు ఉండగా, ఆరు నెలల క్రితమే గుండెపోటుతో కన్నుమూశారు. కుటుంబం క్వార్టరు ఖాళీ చేసే ఏర్పాట్లలో ఉన్నది.

ఆమె కూర్చోలేదు. "బాబూ, ఆయన మానేశారని రాశారు. ఆయన మానలేదు. ఆయనే లేరు" అన్నారు.

మాకు నోట మాట రాలేదు. ఆమె కొంగు ముడి విప్పి మూడు వందల రూపాయలు బల్లపై పెట్టారు. "నెలకు యాభై ఇచ్చేవారని అమ్మాయి చదివి చెప్పింది. ఇంట్లో ఎన్నడూ అనలేదు. ఆరు నెలలని రాశారు కదా, ఇది ఆ ఆరు నెలలది" అన్నారు.

తిరిగి ఇస్తే ఆయన చేసిన మంచిని కాదన్నట్లవుతుంది. పుచ్చుకొంటే మా తప్పుకు ఆమె వెల చెల్లించినట్లవుతుంది. మేము ఎటూ తేల్చుకొనలేకపోయాము. టైం ఆఫీసు సోదరి లేచి రసీదు పుస్తకం తీసి, "రసీదు ఎవరి పేరున రాయమంటారమ్మా?" అని అడిగింది. "ఆయన పేరునే రాయి తల్లీ" అన్నారు ఆమె. అప్పటికి గాని మేము క్షమించమని అడగలేకపోయాము.

ఆ రాత్రి పట్టిక తెరచి ఎర్రని వరుసలను ఒక్కొక్కటిగా చూశాము. ఆయన మరణవార్త మా ఆవరణలోనే, టైం ఆఫీసు రిజిస్టరులో ఉన్నది. ఆ ఆఫీసులో పనిచేసే సోదరి మా బృందంలోనే ఉన్నది. ఉత్తరాలు పంపేముందు "ఈ పేర్లు ఒకసారి చూడమ్మా" అని అడిగి ఉంటే చాలు. అడగవలసినవారము మేము, అడగలేదు. బృందానికి పెద్ద అయినవాడు చేయవలసిన మొదటి పని అదేనని ఆనాడు తెలిసింది.

మరునాటి నుంచి అందరమూ కూర్చొని ప్రతి ఎర్రవరుసకూ కారణం వెదికాము. అధికులు పదవీ విరమణ చేసినవారు. జీతం ఆగింది గనుక మినహాయింపూ ఆగింది. కొందరు ఇతర యూనిట్లకు బదిలీ అయ్యారు. కొందరు మరణించారు. కూతురి పెళ్ళికో, ఇంటిలో వైద్యానికో కొంతకాలం ఆపించుకొన్నవారు కొందరు. ఇక ఇవ్వనక్కరలేదని నిశ్చయించుకొని మానినవారు మాత్రం చాలా కొద్దిమంది. ఖాళీ గడి చెప్పేది ఒక్కటే: ఆ నెల సొమ్ము రాలేదని. ఎందుకు రాలేదో అది చెప్పదు. ఆ చెప్పని మాటను మేమే కల్పించుకొని, దానికి రంగు కూడా వేశాము.

పట్టికలో "కారణం" అని కొత్త నిలువు గీయించాము. కారణం తెలియనివారికి ఉత్తరం పంపరాదని నియమం పెట్టుకొన్నాము. ఫోనులోను, ఇంటికి వెళ్ళి కూడాను కనుక్కొన్నాము. ఇక్కడ ఒక పెద్దాయనను స్మరించాలి. 1931లో కలకత్తాలో భారత గణాంక సంస్థను స్థాపించిన ప్రశాంత చంద్ర మహలనోబిస్, బెంగాలులో జనపనార పంట సర్వేల సందర్భంగా ఒక ఉపాయం అమలుచేశారు. ఒకే ప్రాంతంలో రెండు బృందాలు ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా వివరాలు సేకరించాలి. ఆ రెండింటినీ పోల్చి చూస్తే లోపం ఎక్కడ ఉన్నదో బయటపడుతుంది. మేము కూడా కొద్ది ఇళ్ళకు యువ ఇంజనీరును ఒకసారి, సోదరిని మరొకసారి పంపాము. ఇంజనీరుతో "మరచిపోయామండీ" అన్నవారే సోదరితో "ఇంట్లో జబ్బమ్మా" అన్నారు. జవాబు అడిగే మనిషిని బట్టి కూడా మారుతుందని మాకు అప్పుడు తెలిసింది.

విరమణ చేసినవారిలో ఒకరు అన్న మాట మరువలేము. "నా జీతం ఆగిందండీ. ఇంకో విధంగా ఇవ్వవచ్చునని నాకెవరూ చెప్పలేదు." ఆ మాటతో మా పద్ధతి మారింది. పదవీ విరమణ సభలో శాలువ కప్పిన తరువాత, ఇష్టమైతే బ్యాంకు ద్వారా కొనసాగించవచ్చునని తెలిపే ఒక కాగితం చేతికి ఇవ్వసాగాము. ఆ పదకొండుమంది పిల్లల చదువు ఆ ఏడు ఆగలేదు.

ఉత్తరాలలో ఎంత మొత్తం సూచించాలన్న ప్రశ్న కూడా వచ్చింది. సగటు వ్రాద్దామని మొదట అనుకొన్నాము. కాని నలుగురు యాభై చొప్పున, ఒకరు ఐదువేలు ఇస్తే సగటు 1,040 రూపాయలు అవుతుంది. ఆ ఐదుగురిలో ఏ ఒక్కరూ ఇచ్చిన మొత్తం కాదది. వరుసగా పేర్చినప్పుడు నడుమ నిలిచేది, అంటే మధ్యగతం, యాభై మాత్రమే. కాంటీనులో పనిచేసే సోదరునికి వెయ్యి రూపాయలు అడుగుతూ ఉత్తరం వెళితే, అతడు తన యాభైని చూసి సిగ్గుపడతాడు. అందుచేత ఎవరికి వారు క్రితంసారి ఇచ్చిన మొత్తాన్నే ఉత్తరంలో పేర్కొన్నాము.

ఈలోగా మరొక పరీక్ష ఎదురైంది. ఒక పెద్ద అధికారి, మంచి ఉద్దేశంతోనే, విభాగాలవారీగా ఇవ్వనివారి జాబితా కావాలన్నారు. "అయ్యా, మా వద్ద ఇచ్చినవారి లెక్క ఉన్నది గాని, ఇవ్వనివారి లెక్క లేదు" అని వినయంగా మనవి చేశాము. తమ్ముని పిల్లలను చదివించేవాడు, ఊరిలో ఒంటరి మేనత్తను పోషించేవాడు మా పట్టికలో ఖాళీ గడే కదా! ఆ జాబితా అబద్ధమే చెప్పి ఉండేది. ఒక పనికోసం ఒకరు ఇచ్చిన వివరాన్ని వేరొక పనికి వాడరాదన్న సూత్రాన్ని, 2023లో పార్లమెంటు ఆమోదించిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టంలో తరువాత చదివినప్పుడు, ఆనాడు కాదనడం మంచిదే అయిందని సంతోషించాము.

ఇటీవల మేమూ పదవీ విరమణ చేశాము. బృందం బాధ్యత ఆ యువ ఇంజనీరుకు అప్పగించాము. వెళ్ళేముందు పట్టికలో మా వరుస చూపించమని అడిగాము. జీతం మినహాయింపు గడి ఖాళీగా ఉన్నది. ఎదుట కారణం నిలువులో "విరమణ, బ్యాంకు ద్వారా కొనసాగింపు" అని వ్రాసి ఉన్నది. ఆ పైన కొన్ని వరుసల ఎగువన క్రేను ఆపరేటరుగారి పేరు ఉన్నది. ఎరుపు రంగు లేదు. ఆయన చివరి విరాళం మూడు వందల రూపాయలు, రసీదు సంఖ్యతో సహా, ఆయన పేరునే ఉన్నది.

పాఠక సోదరులకు, వారి కుటుంబాలకు మా విన్నపం రెండే మాటలు. ఇంటి పెద్ద ఎక్కడైనా నెలనెలా ఏదైనా ఇస్తున్నారేమో ఒకసారి అడిగి తెలుసుకోండి. మీలో ఎవరైనా ఇటువంటి లెక్కల బాధ్యత వహిస్తున్నట్లయితే, ఖాళీగా ఉన్న గడికి పేరు పెట్టే ముందు ఆ ఇంటి తలుపు తట్టండి.