ఆపరేషన్ తేదీ ఎవరిది?

మేం సాఫ్ట్‌వేర్ వాళ్ళం కదా, ఎక్సెల్ షీటు తెరిస్తేగానీ ఏ పనీ మొదలవదు. 2023లో మా ఆవిడ రెండో కాన్పుకి కూడా సిజేరియనే అని తేలగానే నేను చేసిన మొదటి పని అదే. 43 వరుసలు. స్కానింగ్ రిపోర్టుల నుంచి ఫోన్ ఛార్జరు దాకా ఏది ఏ సంచీలో ఉండాలి, ఎవరు తేవాలి, ఎప్పటికి తేవాలి, అన్నీ రాశాను. అయిపోయినవి ఆకుపచ్చ, మిగిలినవి ఎరుపు. మా ప్రాజెక్టు రిలీజ్‌కి కూడా ఎప్పుడూ ఇంత శుభ్రంగా ప్లాన్ చేసిన పాపాన పోలేదు.

గద్వాలలో పుట్టింట్లో ఉన్న తనకి గొప్పగా చూపించాను. పైనుంచి కిందిదాకా చూసి ఫోన్ నా చేతిలో పెట్టేసింది.

"మంచిగుంది. మరి తేదీ ఎవరు పెడ్తరు?"

ఆ ఒక్క గడీ ఖాళీగా ఉంది. మర్చిపోయి కాదు, కావాలనే వదిలేశాను. ఎందుకో చెప్పాలంటే 2019కి వెళ్ళాలి.

అప్పుడు మొదటి కాన్పు. బిడ్డ ఎదురుకాళ్ళతో ఉంది, తొమ్మిదో నెల వచ్చినా తిరగలేదు. సిజేరియన్ చేద్దాం అన్నారు డాక్టరు. అందులో ఎవరికీ పేచీ లేదు. 39 వారాలు నిండాక చేద్దాం, ఈలోపు నొప్పులొస్తే వెంటనే వచ్చేయండి అన్నారు. ఎలాగూ కోతే కదా, అదేదో మంచి గడియలో అయితే సరిపోతుంది అని మా మామయ్య పంచాంగం చూపించడానికి అయ్యగారి దగ్గరికెళ్ళారు. పొద్దున 6 గంటల 12 నిమిషాలకి బ్రహ్మాండమైన లగ్నం దొరికింది. కాకపోతే ఆ రోజుకి 37 వారాల 2 రోజులే. డాక్టరు కాస్త నసిగి, సరేలెండి, 37 దాటింది కదా అన్నారు.

నన్నూ అడిగారు. నేనూ సరే అన్నాను.

ఏమాటకామాటే చెప్పుకోవాలి. మామయ్యకి పంచాంగం మీద నమ్మకం ఉంది. నాకు లేదు. మరి నేనెందుకు సరే అన్నట్టు? ఆ వారానికి మా ప్రాజెక్టు గో-లైవ్ అయిపోతుంది, లీవు కలిసొస్తుంది. అంతే. ఆయన గ్రహాలు చూసుకున్నారు, నేను రిలీజ్ క్యాలెండర్ చూసుకున్నాను. ఇద్దరిలో ఎవరం కూడా కడుపులో ఉన్నదానికి ఇంకా ఎన్నాళ్ళు కావాలో చూడలేదు.

సరిగ్గా 6.12కి పాప పుట్టింది, ఏడ్చింది, అందరం దండం పెట్టుకున్నాం. అరగంట తిరక్కుండానే ఎగశ్వాస. ముక్కుపుటాలు ఎగరేస్తోంది, ఊపిరి తీసినప్పుడల్లా డొక్కలు లోపలికి పోతున్నాయి. అంత పొద్దున్నే పిల్లల డాక్టరు లేరు. ఆయన వచ్చి చూసి, ఇంకో ఊళ్ళో ఎన్ఐసీయూ ఉన్న ఆస్పత్రికి తీసుకెళ్ళమన్నారు. నాలుగు రోజులు అక్కడ. తల్లి ఒక ఊళ్ళో కుట్లతో, బిడ్డ ఇంకో ఊళ్ళో గాజుపెట్టెలో. చేత్తో పిండిన పాలు చిన్న స్టీలు డబ్బాలో పట్టుకుని నేను రెండు ఊళ్ళ మధ్య తిరిగాను. మూడో రోజు ఆ డబ్బా నాకిస్తూ మా ఆవిడ, "దాని మొకం ఎట్లుంటదో సరిగ గుర్తొస్తలేదు" అంది. ఆ మాట నేను ఇప్పటికీ మర్చిపోలేదు.

పాపకి తర్వాత ఏ ఇబ్బందీ రాలేదు, దేవుడి దయ. కానీ ఆ నాలుగు రోజులూ నన్ను చదివించాయి. కడుపులో ఉన్నన్నాళ్ళూ బిడ్డ ఊపిరితిత్తుల్లో నీరుంటుంది. నెలలు నిండేకొద్దీ, ముఖ్యంగా నొప్పులు మొదలయ్యాక శరీరంలో విడుదలయ్యే హార్మోన్లతో, ఆ నీరు ఇంకిపోతుంది. నొప్పులు రాకముందే కోసి తీస్తే ఆ సాయం బిడ్డకి అందదు. అందుకే 37లో తీసిన పిల్లలకి 39లో తీసినవాళ్ళకన్నా ఊపిరి ఇబ్బందులు ఎక్కువ. తొందరపెట్టే వైద్య కారణం ఏదైనా ఉంటే తప్ప, ముందే అనుకున్న సిజేరియన్ 39 వారాలు నిండాక చెయ్యాలనేది అందుకే. బీపీ పెరిగినా, ఉమ్మనీరు పోయినా, బిడ్డ ఎదుగుదల ఆగినా ముందే చేస్తారు, చెయ్యాలి కూడా. లగ్నం, లీవు ఆ జాబితాలో లేవు.

ఇది మా ఒక్క ఇంటి కథ అయితే రాసేవాణ్ణి కాదు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) ప్రకారం తెలంగాణలో కాన్పుల్లో 60.7 శాతం సిజేరియన్లు. దేశం మొత్తానికి 21.5. మన దగ్గర ప్రైవేటు ఆస్పత్రుల్లో అయితే 81.5 శాతం, సర్కారు దవాఖానాల్లో 44.5. ఇవన్నీ అక్కర్లేనివని నేననను, మాది అక్కరకొచ్చినదే. కానీ ఇన్ని కాన్పులకి తేదీ మనమే పెట్టుకునే రోజులొచ్చాక, ఆ తేదీ ఎలా పెడుతున్నాం అనేది చిన్న విషయం కాదు.

మొదటిది సిజేరియన్ అయితే రెండోదీ తప్పదని కూడా రూలేం లేదు. మేం అడిగాం. మొదటిసారి ఎదురుకాళ్ళు కాబట్టి ఈసారి ప్రయత్నించొచ్చు, కానీ నొప్పుల్లో పాత కుట్టు దగ్గర తేడా వస్తే నిమిషాల్లో ఆపరేషన్ మొదలవ్వాలి, రాత్రీ పగలూ ఆ ఏర్పాటున్న చోటే చెయ్యాలి అన్నారు డాక్టరమ్మ. మా ఆవిడ రెండ్రోజులు ఆలోచించుకుని ఆపరేషనే అంది. నిర్ణయం తనది.

ఇక మళ్ళీ ఆ ఖాళీ గడి దగ్గరికొద్దాం. ఈసారి 39 వారాలు నిండేది జులై 27కి. ఆ ఏడాది జులై 18 నుంచి ఆగస్టు 16 దాకా అధిక శ్రావణం. అంతకుముందు అధిక శ్రావణం వచ్చింది 2004లో. మామయ్య బెంగ మీకర్థమయ్యే ఉంటుంది.

"అధిక మాసంల పుడితే పుట్టిన తిథి మల్ల ఎప్పుడొస్తది అల్లుడూ? పద్నాలుగు తారీకు శుక్రవారం చేపిద్దం. అయ్యగారిని అడిగొచ్చిన."

జులై 14 అంటే 37 వారాల 1 రోజు. నేను నోరు తెరిచేలోపే మా ఆవిడ అందుకుంది.

"నాయినా, దానికి నువ్వు పెట్టిన లగ్నంల అది నాలుగు దినాలు పెట్టెల పండుకున్నది. ఈసారి డాక్టరమ్మ చెప్పినంకనే." తర్వాత నా వైపు తిరిగింది. "నువ్వు గూడ గప్పుడు సరే అన్నవు."

మామయ్య ఏం మాట్లాడకుండా లేచి అరుగు మీదకెళ్ళి కూర్చున్నారు. రెండ్రోజులు నాతో మాట్లాడలేదు. తేదీ గడిలో జులై 28 అని తనే టైపు చేసింది.

తేదీ తేలాక మిగిలిన 42 వరుసల పని మా అక్క పట్టింది. తను నాగర్‌కర్నూల్ వైపు ఏఎన్ఎం. ఆస్పత్రి ఏదన్నది ముందు తేల్చమంది. నేను హైదరాబాద్ అంటాను, మా ఆవిడ అమ్మకి దగ్గరగా అంటుంది. అక్క ఏ ఊరి పేరూ ఎత్తలేదు, మూడు ప్రశ్నలిచ్చి అడిగి రమ్మంది. అర్ధరాత్రి అవసరమైతే మత్తు డాక్టరు ఎంతసేపట్లో వస్తారు? పిల్లల డాక్టరు కాన్పు సమయానికి అక్కడే ఉంటారా? రక్తం ఎక్కడ్నుంచి తెస్తారు? ఈ మూడింటికీ నీళ్ళు నమలకుండా జవాబు దొరికింది మాకు వనపర్తిలో. గద్వాల నుంచి బీచుపల్లి వంతెన, పెబ్బేరు మీదుగా గంటకు పైన ప్రయాణం.

రక్తం సంగతి అక్క ఊరికే అనలేదు. 2020 ఏప్రిల్‌లో, లాక్‌డౌన్ రోజుల్లో, మా గద్వాల జిల్లాకే చెందిన ఇరవయ్యేళ్ళ గర్భిణిని కంటైన్‌మెంట్ జోన్ నుంచి వచ్చిందని ఒక ఆస్పత్రి నుంచి ఇంకో ఆస్పత్రికి తిప్పారు. ఆ అమ్మాయికి రక్తహీనత కూడా ఉంది. చివరికి బిడ్డా దక్కలేదు, తల్లీ దక్కలేదు. హైకోర్టు దాకా వెళ్ళింది ఆ విషయం. "కరోనా పోయింది తమ్మీ, రక్తం తక్కువున్నోళ్ళు పోలే" అంది అక్క.

మా ఆవిడకి ఏడో నెలలో హిమోగ్లోబిన్ 9.4. గర్భిణికి 11 కంటే తగ్గితే రక్తహీనత కిందే లెక్క. నా షీటులో బేబీ దుప్పటి రంగు ఉందిగానీ ఈ అంకె లేదు. మాత్రలు పడక, డాక్టరమ్మ సలహా మీద ఐరన్ సెలైన్‌లో ఎక్కించారు. జులైకి 11.1 అయింది. ఇది చివరి వారంలో సర్దుకునేది కాదు, నెలల ముందు మొదలుపెట్టాలి. ఆమె గ్రూపే ఉన్న ఇద్దరు స్నేహితుల్ని ఆ రోజు ఊళ్ళో ఉండమని ముందే అడిగిపెట్టుకున్నాను. మూడు నెలల్లోపు రక్తమిచ్చిన మగవాళ్ళు పనికిరారు, అదీ కనుక్కోవాలి.

సంచీ విషయంలో అక్కకీ మా అత్తయ్యకీ చిన్న యుద్ధం. అత్తయ్య నేత చీరలు పెట్టారు. లంగా నాడా సరిగ్గా కుట్ల మీదకొస్తుంది, ముందు గుండీలున్న వదులు నైటీలు పెట్టమంది అక్క. చెవుల్లో దూది ఉంటే ఉండనీ అంది. బిడ్డ నాలుక మీద తేనె మాత్రం వద్దని గట్టిగా చెప్పింది, ముర్రుపాలే మొదటి మందు. బాలింతకి నీళ్ళు తక్కువియ్యాలనే పద్ధతీ ఒప్పుకోలేదు. డాక్టరు తాగొచ్చన్నాక నీళ్ళు బాగా తాగాలి, మర్నాటికల్లా పట్టుకునైనా నాలుగడుగులు వెయ్యాలి, లేకపోతే కాళ్ళల్లో రక్తం గడ్డకట్టే ప్రమాదం. గోళ్ళ రంగు తీసెయ్యాలి, వేలికి పెట్టే ఆక్సిజన్ క్లిప్పుకి అడ్డొస్తుంది. ఇంట్లో బ్లేడుతో షేవింగ్ చెయ్యకూడదు, చిన్న గాట్లతో ఇన్ఫెక్షన్ రావచ్చు. మా పెద్దదానికి కూడా ఒక పని చెప్పింది: ఆ నాలుగు రోజులు ఎవరి పక్కన పడుకోవాలో అలవాటు చెయ్యమంది. వారం ముందు నుంచే అమ్మమ్మ పక్కలో పడుకోబెట్టాం. ఆస్పత్రిలో తోడు అక్కే.

అన్నీ అయ్యాక, ఇంకేమన్నా కావాలా అని మా ఆవిడని అడిగాను.

"లోపల ఏం చేస్తరో వరుసగ చెప్పు. పోయినసారి ఎవ్వరు చెప్పలే. వణుకొస్తుంటే సచ్చిపోతున్ననేమో అనుకున్న."

నాలుగేళ్ళుగా ఆ మాట నాకు చెప్పలేదు. నేనూ అడగలేదు.

డాక్టరమ్మ దగ్గర కూర్చుని కాగితం మీద రాసుకొచ్చాను. ముందు రాత్రి అన్నం తిన్నాక, ఆపరేషన్‌కి ఆరు గంటల ముందు నుంచి తిండి బంద్, రెండు గంటల ముందు నుంచి మంచినీళ్ళు కూడా. చేతికి సెలైన్, యాంటీబయోటిక్. నడుములో సూది, కాసేపటికి కింది భాగం మొద్దుబారుతుంది, మెలకువ ఉంటుంది. నొప్పి తెలియదుగానీ లాగుతున్నట్టు, నొక్కుతున్నట్టు తెలుస్తుంది. మూత్రానికి గొట్టం. వణుకు రావచ్చు, చాలామందికి వస్తుంది, తగ్గిపోతుంది. బిడ్డ త్వరగానే బయటికొస్తుంది, కుట్లకే ఎక్కువసేపు పడుతుంది. ఆ కాగితం తను దిండు కింద పెట్టుకుంది. 43 వరుసల షీటు మళ్ళీ అడగలేదు.

ఆ వారం రాష్ట్రమంతా ఒకటే వానలు. 27న భూపాలపల్లి దగ్గర మోరంచపల్లి మునిగిపోయిందని టీవీల్లో చూశాం. మా వైపు అంత లేదుగానీ, ఎందుకొచ్చిన గొడవ అని ముందు రోజు మధ్యాహ్నమే బయల్దేరి చేరాం. 28న పదకొండున్నర దాటాక బాబు పుట్టాడు. పిల్లల డాక్టరు పక్కనే ఉన్నారు. నేను తలుపు బయట నిలబడి వాడి ఏడుపు విన్నాను, తర్వాత వాడి ఊపిరి లెక్కపెట్టాను, చాలాసేపు. గంట లోపే తల్లి రొమ్ము దగ్గరున్నాడు. వణుకొచ్చింది, కాగితంలో ఉన్నదే అనుకున్నానంది తను.

మిగిలిన కాగితాల పని చూసుకోవాల్సింది మనమే. ఆఫీసు ఇన్సూరెన్స్‌లో ఆ ఆస్పత్రికి క్యాష్‌లెస్ లేకపోతే ఒరిజినల్ బిల్లులు, డిశ్చార్జి సమ్మరీ ముద్రలతో సహా తెచ్చుకోండి. పుట్టినరోజు నమోదు 21 రోజుల్లో అయిపోవాలి. 2023 అక్టోబరు నుంచి పుట్టేవాళ్ళకి బడి దగ్గర్నుంచి పాస్‌పోర్టు దాకా ఆ సర్టిఫికెట్టే ఆధారం, అక్షరం తప్పు పోకుండా చూసుకోండి.

మామయ్య మనవణ్ణి ఎత్తుకున్నారుగానీ ముహూర్తం మాట ఎత్తలేదు. సాయంత్రం పంచాంగం తీసి, అధిక శ్రావణ శుద్ధ దశమి, శుక్రవారం అని డైరీలో రాసుకున్నారు. ఏటా పుట్టినరోజు మాత్రం జులై 28కే చేస్తున్నారు, కేకు ఆయనే తెస్తారు.

మీ ఇంట్లో కూడా రేపో మాపో తేదీ పెట్టే మాట వస్తుంది. పెద్దవాళ్ళు లగ్నం చెప్తారు, మీరు లీవు చూసుకుంటారు. ఆ రోజుకి ఎన్ని వారాలు నిండుతాయి, ముందే చెయ్యడానికి వైద్య కారణం ఏమన్నా ఉందా, ఈ రెండూ డాక్టర్ని అడగండి. ఆ తర్వాత ఆవిడకి దేనికి భయమో అడగండి. నేను ఆ ప్రశ్న నాలుగేళ్ళు ఆలస్యంగా అడిగాను.