ఏడు పక్కన ఎనిమిది లేదు

ఒక సాయంకాలం నేను వంటగదిలో చారుకు పోపు పెడుతూ ఉండగా ముందుగదిలో నుండి మా అబ్బాయి కేక వినిపించింది. "అమ్మా! పులి మాయమైపోయింది!"

తడిచేతులతోనే వెళ్ళి చూశాను. పులి మాయం కాలేదు. కంప్యూటరు తెరమీద కుడివైపు చిట్టచివర ఉండవలసిన పులి ఒక్క గెంతులో ఎడమవైపు చివరకు, అదీ కింది వరుసలోకి, వెళ్ళి కూర్చున్నది. నడుమ బారులు తీరిన మేకలు దానికి అడ్డమే కాలేదు. నాకు నవ్వు వచ్చింది. పదేళ్ళ మా వాడికి రాలేదు. అంతకు ముందు మూడు వారాలు వాడు ఆ ఆట మీదనే కూర్చున్నాడు.

మేము కలకత్తా తూర్పు అంచున సాల్ట్ లేక్‌లో ఉంటాము. ఒకప్పుడు ఇది ఉప్పునీటి చిత్తడినేల. 1960ల్లో హుగ్లీ నది ఒండ్రును తెచ్చి పూడ్చి, యుగోస్లావియాకు చెందిన దోబ్రివోయె తోష్కోవిచ్ గీసిన నమూనా ప్రకారం కట్టిన పట్టణం. బిధాన్ చంద్ర రాయ్ పేరిట బిధాన్‌నగర్ అయింది గాని, పాత పేరు నాలుకలను వదలలేదు. ఇక్కడి ఐదవ సెక్టారులో వేలాదిమంది పొద్దున్నుంచి రాత్రి దాకా కంప్యూటర్లకు ఆజ్ఞలు వ్రాస్తూనే ఉంటారు. వారిలో మా వారూ ఒకరు. అయితే ఆయన ఇల్లు చేరేసరికి రాత్రి తొమ్మిది దాటుతుంది. పగలంతా పిల్లవాడికి దిక్కు నేనే. నేను చదివినది ఆంగ్ల సాహిత్యం, చేసేది అనువాదం. కంప్యూటరును టైపుమిషనుగా తప్ప ఎన్నడూ వాడి ఎరుగను.

వాడు ఇంటి వద్ద చదువుకోవడానికి కారణం ఉన్నది. వాడికి మాట తడబడుతుంది. 'ప'తో మొదలయ్యే మాట వస్తే పెదవులు బిగుసుకుపోతాయి. బడిలో పాఠం పైకి చదవమన్నప్పుడు, మాట పూర్తయ్యేదాకా నిలబడి ఉండవలసిందేనని ఒక ఉపాధ్యాయిని నియమం పెట్టారు. ఆమె ఉద్దేశం మంచిదే కావచ్చు. తరగతి అంతా నవ్వేది. కొన్ని నెలలకు వాడు బడిలోనే కాదు, ఇంట్లోనూ మాట్లాడటం మానివేశాడు. ఎనిమిదవ ఏట బడి మాన్పించాము.

మా అత్తగారు ఆరు నెలలు నాతో ముభావంగా ఉన్నారు. 2009 నాటి విద్యాహక్కు చట్టం ఇంటి చదువును అనుమతిస్తున్నాననీ చెప్పదు, నిషేధిస్తున్నాననీ చెప్పదు. పద్నాలుగేళ్ళు నిండాక జాతీయ సార్వత్రిక విద్యాసంస్థ ద్వారా పదవ తరగతి పరీక్ష వ్రాయవచ్చునన్నది ఒక్కటే మాకు ధైర్యం. పొరుగింటి బెంగాలీ ఆవిడ మాత్రం, "రవీంద్రుడు బడి మానినవాడే కదా" అని ఓదార్చేది. రవీంద్రుని ఇంటికి కుస్తీ మొదలు శరీరశాస్త్రం దాకా నేర్పడానికి ఎంతమంది గురువులు వచ్చిపోయేవారో ఆమె చెప్పేది కాదు. మా ఇంట ఉన్నది నేనొక్కతెనే.

వేసవిలో విజయనగరం వెళ్ళినప్పుడు మా అమ్మ వాడికి పులి-మేక నేర్పింది. సుద్దముక్కతో గచ్చుమీద గీసేది. శిఖరం నుండి దిగే నాలుగు గీతలు, వాటిని అడ్డంగా ఖండిస్తూ ఇరుపక్కలకూ సాగే మూడు గీతలు, ఆ మూడింటి చివరలను కలుపుతూ పక్కగీతలు, అడుగున ఒక గీత. గీతలు కలిసేచోట్లు ఇరవై మూడు. మూడు గవ్వలు పులులు, పదిహేను చింతగింజలు మేకలు. మేకలన్నీ బరిలోకి దిగేవరకు ఏ మేకా కదలరాదు. పక్కనున్న మేక మీదుగా అదే గీతపై ఖాళీచోటికి దూకితే పులి దానిని తిన్నట్లు. పులులకు కదిలే దారి లేకుండా కట్టివేస్తే మేకలు గెలిచినట్లు. పాత ఆలయాల రాతినేలమీద ఇటువంటి గీతలు మీరూ చూసే ఉంటారు. బెంగాలులో బాఘ్‌బందీ, నేపాలులో బాఘ్‌చాల్ దీని జ్ఞాతులే.

కలకత్తా తిరిగి వచ్చాక వాడు, "ఇక్కడి నుంచి అమ్మమ్మతో ఆడాలి" అన్నాడు. ఫోనులో అటువంటి ఆటలు దొరుకుతాయన్నాను. "అవి అమ్మమ్మ ఆట కాదు" అన్నాడు.

స్క్రాచ్ అనే సాధనం సంగతి మా వారు చెప్పారు. అమెరికాలోని ఎం.ఐ.టి. వారు పిల్లల నిమిత్తం 2007లో వెలువరించినది. ఆజ్ఞలను టైపు చేయనక్కరలేదు. రంగురంగుల ముక్కలను ఒకదాని కింద ఒకటి తగిలిస్తూ పోవడమే. దీనికి పూర్వం, 1967లోనే, సీమోర్ పేపర్ట్, ఆయన సహచరులు లోగో అనే భాషను పిల్లల చేతికిచ్చారు. తాను వ్రాసినది పనిచేయనప్పుడు పిల్లవాడు 'నేను తప్పు' అనుకోకుండా 'ఇందులో దిద్దవలసినది ఏది' అని వెతకడం అలవరచుకుంటాడని పేపర్ట్ విశ్వాసం. ఆ మాట చదివినప్పుడు నాకు నిలబడి ఉన్న మా వాడు గుర్తుకు వచ్చాడు.

మాయమైన పులి సంగతి ఇది. వాడు ఇరవై మూడు బిందువులకూ వరుసగా అంకెలు వేశాడు. శిఖరం 1. మొదటి అడ్డగీత మీద ఎడమ నుండి కుడికి 2 మొదలు 7 వరకు. రెండవ గీత మీద మళ్ళీ ఎడమ నుండి 8 మొదలు 13 వరకు. ఒక అంకెకు పక్క అంకె పక్కచోటే కదా అని యంత్రానికి చెప్పాడు. లెక్కలో ఏడు పక్కన ఎనిమిది ఉన్నది. పలకమీద ఏడు ఒక కొస, ఎనిమిది మరొక కొస. మన కంటికి గీత కనిపిస్తుంది కనుక ఆ సంగతి మనకు తోచనే తోచదు. యంత్రానికి గీత కనిపించదు. అది మన మాటనే నమ్ముతుంది.

ఈ చిక్కు నాకు కొత్తది కాదు. అనువాదంలో రోజూ ఎదురయ్యేదే. ఆంగ్లంలో ఒక్క మాటతో సరిపెట్టిన చుట్టరికాన్ని తెలుగులోకి తేవాలంటే మేనత్తా, పినతల్లా, మేనమామ భార్యా అని తేల్చుకోక తప్పదు. మూలరచయిత తేల్చి ఉండడు. అందుచేత కంప్యూటరు తెలియని నేను, తెలిసిన ప్రశ్న ఒక్కటే వాడిని అడుగుతూ వచ్చాను: "అంటే ఏమిటి?" పక్కచోటు అంటే ఏమిటి? దూకడం అంటే ఏమిటి? పులి కట్టుబడింది అంటే ఏమిటి? ఈ చివరిదానికి రెండు రోజులు పట్టింది. చుట్టూ మేకలుంటే చాలదు, వాటి వెనుకచోట్లు కూడా నిండి ఉండాలని కాగితం మీద చింతగింజలు పెట్టి పెట్టి తేల్చాడు.

ఆపైన పట్టిక తయారైంది. ఇరవై మూడు వరుసలు. ప్రతి వరుసలో ఆ బిందువు నుండి గీత పోయే చోట్లు. 1కి 3, 4, 5, 6. 2కి 3, 8. 10కి 4, 9, 11, 16. దూకుళ్ళకు వేరే పట్టిక. ఏడు నుండి ఎనిమిదికి పులి మళ్ళీ పోలేదు.

మొదటి ఆట అమ్మతో వీడియో ఫోనులో జరిగింది. మధ్యలోనే తెరమీద 'మేకలు గెలిచాయి' అని పడింది. గెలిచినది వాడే అయినా అమ్మ ఒప్పుకోలేదు. "ఎలా గెలుస్తాయిరా? పైన దారి ఖాళీగా ఉందిగా!" అడుగు గీత మీద 21వ చోట పులి, దాని పైన 16 ఖాళీ. యంత్రం మాత్రం దారి లేదంటున్నది.

ఆ రాత్రి వాడు నిద్రపోయాక నేను పట్టిక ముందు కూర్చున్నాను. ప్రూఫులు దిద్దిన కన్ను కదా, పావుగంటలో దొరికింది. 16వ వరుసలో 21 ఉన్నది. 21వ వరుసలో 16 లేదు. పైనుండి కిందికి రావచ్చు గాని కిందినుండి పైకి పోరాదు! చేయి ఊరుకోలేదు. ఆ అంకె చేర్చి పడుకున్నాను.

పొద్దున్న వాడు కంప్యూటరు తెరిచి చాలాసేపు చూశాడు. "నువ్వు మార్చావా?" అన్నాడు. అవునన్నాను. మూసివేశాడు. ఆ రోజూ మరునాడూ దాని జోలికి పోలేదు. నాతోనూ అవసరానికి మించి మాట్లాడలేదు. రెండేళ్ళ క్రితపు మౌనం మళ్ళీ ఇంట్లోకి వచ్చినట్లు అనిపించి నాకు అన్నం సహించలేదు. తప్పు దొరికినందుకు సంతోషించి, అది ఎవరికి దొరకవలసినదో మరచిపోయాను.

రెండవ రోజు రాత్రి నేను చేర్చిన 16ను చెరిపివేశాను. పొద్దున్న, "ఎలా ఉన్నది అలా పెట్టాను నాన్నా. ఎక్కడో కూడా గుర్తులేదు" అన్నాను. రెండవ మాట అబద్ధం, వాడికీ తెలుసు.

కాసేపటికి పట్టికను రెండు కాగితాలమీద వ్రాసుకుని పక్కపక్కన పరిచాడు. 1వ వరుసలో 3 ఉంటే 3వ వరుసలో 1 ఉన్నదా అని వేలు పెట్టి చూసుకుంటూ పోయాడు. నేను వంటగది గుమ్మంలో కందిపప్పు ఏరుతూ నిలబడ్డాను. పప్పులో రాళ్ళు లేవు. మధ్యాహ్నానికి 16 దొరికింది. దానితోపాటు, 13కూ 19కీ నడుమ అటువంటిదే మరొకటి. అది నా ప్రూఫు కంటికి దొరకలేదు.

ఆదివారం మళ్ళీ అమ్మకు ఫోను చేశాము. ఆమె అంకె చెబుతుంది, వాడు జరుపుతాడు. తన ఎత్తును వాడూ పైకి చెప్పాలి, ఎందుకంటే ఆమె కళ్ళకు ఆ తెర సరిగా ఆనదు. ఒక మేకను పదహారుకు జరపవలసి వచ్చింది. 'ప' దగ్గర వాడి పెదవులు బిగుసుకున్నాయి. నేను అందించబోయి నోరు మూసుకున్నాను. అవతల అమ్మ తమలపాకుకు సున్నం రాసుకుంటూ కూర్చున్నది. ఆమెకు తొందర లేదు.

"ప... ప... పదహారు."

"ఆఁ, వేశావా? అయితే నా పులి పదికి" అన్నది అమ్మ.