తీగచుట్టలోని నాదము

వేణునాదమునకు పుట్టినిల్లు ఏది అని అడిగితే వెదురులోని గాలి అని చెప్పగలము. ఎలక్ట్రిక్ గిటారు విషయమున అంత సూటియైన సమాధానము లేదు. తంతులు మ్రోగుతాయి గాని, ఆ మ్రోత స్పీకరును చేరే దారి తలవెండ్రుక పాటి సన్నని రాగితీగ చుట్టలోనుండి పోతుంది. తంతుల క్రింద అమర్చిన ఆ చుట్టను పికప్ అంటారు. దానిని చుట్టిన చేతిని గూర్చి తలచేవారు అరుదు.

అందులోని సూత్రము 1831లో ఫారడే మహాశయుడు కనుగొన్న విద్యుదయస్కాంత ప్రేరణమే. ఉక్కు తంతి అయస్కాంతముపై కంపించినపుడు అయస్కాంత క్షేత్రము చలిస్తుంది. ఆ చలనము చుట్టలో విద్యుత్తును పుట్టిస్తుంది. చుట్లు పెరిగినకొద్దీ విద్యుత్తు బలము పెరుగుతుంది. అయితే ఆ లాభము ఉచితముగా రాదు. చుట్లతోపాటు ప్రేరకత్వము దాదాపు వర్గానుపాతములో హెచ్చుతుంది. అది హెచ్చితే చుట్ట అన్నిటికంటె తేటగా పలికే స్థాయి క్రిందికి దిగి, దానిపై నుండే సన్నని స్వరములు అణగిపోతాయి. కంఠము బిగ్గరవుతుంది, బొంగురూ అవుతుంది.

ఈ సంగతులు మేము తరచి చూచినది మా ఇంట కలిగిన ఒక తగవు మూలమున. మా అన్నగారు మోటారు వైండింగు పనివారు. మా ఆపా కుమారుని గిటారులో ఒక పికప్ మూగవోగా, తెగిన చుట్టను తీసివేసి అన్నగారు కొత్తది చుట్టారు. అమెరికా లెక్కలో ఆ తీగ 42 గేజి; మన బజారు బ్రిటిష్ లెక్కలో 46కు దగ్గర. మందము సుమారు 0.063 మిల్లీమీటరు. లావు తీగకు అలవాటైన చేతులు రెండు సాయంకాలములు ఓర్పుతో సుమారు 8,000 చుట్లు వేశాయి. అంటే ఇంచుమించు ఒక కిలోమీటరు తీగ! మీటరు పెట్టగా 5.8 కిలో ఓములు చూపింది. మేనల్లుని ముఖము చిన్నబోయింది.

"మామూ, నా మిత్రుని పికప్పు 8 చూపిస్తుంది. ఇది బలహీనం. పారేసి కొత్తది కొనుక్కుంటాను" అన్నాడు మాతో. అన్నగారు విని మిన్నకున్నారు. కూలి మాట ఎత్తలేదు.

మేము మేనల్లునికి చెప్పినది ఇది. ఓములు తీగ పొడవును, సన్నదనమును చెప్పుతాయి గాని నాదమును చెప్పవు. అవే చుట్లు 43 గేజితో వేస్తే అంకె పాతిక వంతుకు మించి పెరుగుతుంది. పుట్టే విద్యుత్తు పెరగదు. ఎండాకాలమున కొలిచినా అంకె పెరుగుతుంది, ఏలయన వేడి ఒక్కొక్క డిగ్రీకి రాగి నిరోధము 0.4 శాతము దాకా హెచ్చుతుంది. ఎండ కాసినంత మాత్రమున గిటారు బాగా పాడునా? పైగా మిత్రునిది జంట చుట్టల పికప్. గిబ్సన్ సంస్థలో సెత్ లవర్ రూపొందించి 1955లో పేటెంటుకు దరఖాస్తు చేసిన తరగతిది. కరెంటు రొదను పరస్పరము రద్దు చేసుకొనుటకు రెండు చుట్టలను ఎదురెదురుగా కలిపారు. రెంటి ఓములు కూడి 8 అయినవి. జంటను ఒంటితో పోల్చుట న్యాయము కాదు.

అతడు మా మాట నమ్మి ఊరుకొనలేదు. రెండు గిటారులను ఒకే ఆంప్లిఫయరుకు మార్చి మార్చి కలిపి వాయించాడు. మిత్రునిది బలముగా, లావుగా పలికింది. అన్నగారు చుట్టినది తేటగా, గంటవలె పలికింది. మరునాడు కూలి పుచ్చుకొని "పెద్ద మామూ, ఇదిగోండి" అని అన్నగారి దుకాణమునకు వెళ్ళాడు.

తీగపై పూతకును పాత్ర కలదు. పూత మందమైనా, చేతితో నడిపిన తీగ అడ్డదిడ్డముగా పడినా, చుట్లు కొంత ఎడముగా కూర్చుంటాయి. వాటి మధ్య విద్యుద్ధారణశక్తి కాస్త తగ్గి తేటదనము మిగులుతుంది. ఈ భేదము స్వల్పమే. గిటారునుండి ఆంప్లిఫయరుకు పోయే కేబులు ప్రభావము తరచు దీనిని మించుతుంది. అయినను తీగకూ తీగకూ నడుమ ఖాళీ కూడ నాదమున పాలుపంచుకొనుట, పదముల నడుమ ధ్వని వెదకే మావంటి సాహిత్య విద్యార్థులకు ముచ్చట గొల్పింది.

ఫెండర్ సంస్థలో 1956లో చేరిన అబిగేల్ ఇబారా అను కార్మికురాలు దశాబ్దములపాటు పికప్పులు చుట్టింది. ఆమె పేరు మొదటి అక్షరములున్న పికప్పులను వాద్యకారులు వెదకి కొనేవారు. చుట్టిన చేతికి అట్టి గౌరవము దక్కుట అపురూపము.

విద్యార్థి మిత్రులారా! మార్కుల పట్టికయు ఒక మీటరే. అంకెను చూచునపుడు అది ఏ ప్రశ్నకు సమాధానమో ముందు అడగండి. ఒకరి చేతిపనికి వెల కట్టునపుడు మరింత శ్రద్ధగా అడగండి.