వాట్లు కాదు, డబ్బా చూడండి

వినాయక చవితి దగ్గరపడితే బళ్లారి పక్క పల్లెల్లో డీజే సెట్టు లెక్కంతా వాట్ల మీదే నడుస్తుంది. చేతిలో డబ్బు తక్కువున్నప్పుడు అది తప్పు లెక్క. ఆంప్లిఫయర్ శక్తి రెట్టింపైతే పెరిగేది 3 డెసిబెల్సే, చెవికి అదో చిన్న తేడా. ఆ డబ్బు స్పీకర్ డబ్బా మీద పెట్టండి. 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్డు, లోపల అడ్డపట్టీలు, మూలల నిండా జిగురు ఉంటే పాత స్పీకరైనా బేస్ గట్టిగా కొడుతుంది. సందు మిగిలిందా, కొత్తదీ బుస్సుమంటుంది. మిక్సింగ్‌కి పాత ల్యాప్‌టాప్, మిక్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ (పేరు చివర ఎక్స్‌లు మూడు!) చాలు.

ఇలాంటి సెట్టు పెళ్లిలో మొరాయిస్తే పరువు పోదా అంటారు. నిజమే, అందుకే కరెంటుతో ప్రయోగాలొద్దు. డబ్బాలు వడ్రంగి చేత చేయించుకోండి, ఆంప్లిఫయర్ మాత్రం రిపేరు దగ్గర్లో దొరికేదే కొనండి. పక్క ఊరు పది డబ్బాలు దించితే మనమెట్లా అంటారా? 2000 నాటి శబ్ద నియమాల ప్రకారం మామూలు రోజుల్లో రాత్రి 10కి వాళ్లూ ఆపాల్సిందే. పాత స్పీకర్ కొనేటప్పుడు కోన్‌ని రెండు చేతుల వేళ్లతో సమంగా, మెల్లగా నొక్కండి. గరగరమంటే లోపల కాయిల్ రాసుకుంటున్నట్టే. ఎంత చవగ్గా ఇచ్చినా వద్దు.