నొప్పికి పేరొచ్చిన వేళ

పదమూడో ఏట మొదలైంది నాకీ నొప్పి. నెలకి మూడు రోజులు వేడినీళ్ళ సంచీ పొత్తికడుపుకి అదుముకుని పడుకుంటే, "ఆడపుటక అన్నాక మామూలేనే. ఓ కాన్పయితే అదే సర్దుకుంటుంది" అనేది అమ్మమ్మ. డాక్టర్లూ ఆ మాటే అన్నారు. పెళ్ళయి ఐదేళ్ళయినా కడుపు పండకపోయేసరికి అదే నొప్పికి పేరొచ్చింది: ఎడినోమయోసిస్. గర్భసంచి లోపలి పొర కండరంలోకి చొచ్చుకుపోయి, నెలనెలా అక్కడా వాచి సలుపుతుంది. దానికి తోడు లోపలివైపు ఒక ఫైబ్రాయిడ్ గడ్డ.

గడ్డ తీశారు. అండాలు సేకరించి, పిండాలను ఫ్రీజ్ చేశారు. గర్భసంచి వాపు తగ్గడానికి నెలకొకటి చొప్పున మూడు ఇంజెక్షన్లు. ముప్ఫై నాలుగేళ్ళకే, తాత్కాలికంగానైనా, ముట్లుడిగినదాన్నయ్యాను. ఒళ్ళంతా ఆవిర్లు, నిద్రలేని రాత్రులు. "బిడ్డ కోసమేగా, ఓర్చుకోమ్మా" అంటారు అత్తయ్య, ప్రేమగానే.

గుంటూరు జిల్లాలోని మా ఊళ్ళో కూలికెళ్ళే నా ఈడు ఆడవాళ్ళు కొందరికి గర్భసంచే లేదు. "పిల్లలు పుట్టేశారుగా, ఇంక దాంతో పనేముంది" అని తీసేశారు. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ళ స్త్రీలలో ఆ ఆపరేషన్ అయినవాళ్ళు దేశంలో 3.2 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 8.9, తెలంగాణలో 7.7. వాళ్ళది తీసెయ్యడానికీ, నాది కాపాడడానికీ లెక్క ఒక్కటే: బిడ్డ. బాధ ఎవరి లెక్కలోనూ లేదు.

బిడ్డ కావాలని నాకూ ఉంది. అయితే పిండం నిలిచినా నిలవకపోయినా ఈ నొప్పికి వైద్యం కొనసాగాలని మొన్న డాక్టరుతో గట్టిగా చెప్పాను. ఆవిడ ఆ మాట ఫైల్లో రాసుకుంది. ఇరవయ్యేళ్ళలో నా నొప్పిని నా కోసం ఒకరు రాసుకోవడం అదే మొదలు.