మేష్టారి ఇంటి కిటికీలు

ఇల్లు అమ్మబోయే ముందు కిటికీలు మార్చాలా, వద్దా? ఇది కూడా పత్రికకు వ్రాయవలసిన సంగతేనా అని చదువరులు అనుకోవచ్చు. మొదట మేమూ అలాగే అనుకున్నాము. కాని 2023 వేసవిలో ఈ చిన్న ప్రశ్న మా ఇంటిల్లిపాదికి చాలా రోజులు నిద్ర లేకుండా చేసింది. జరిగింది జరిగినట్లు వ్రాస్తున్నాము. ఇందులో మేము గొప్పగా నడుచుకున్నది ఏమీ లేదు.

మా స్వంత ఊరు కోనసీమలో, ముమ్మిడివరానికి దగ్గరలో ఉన్న ఒక పల్లె. మా నాన్నగారు ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయులు. మా ఇంటిని ఊరిలో అందరూ ‘మేష్టారి ఇల్లు’ అనే పిలిచేవారు. పూర్వం అది పెంకుటిల్లు. 1996 నవంబరు 6వ తేదీ రాత్రి వచ్చిన తుఫానులో కప్పు ఎగిరిపోయింది, పడమటి గోడ కూలిపోయింది. అప్పుడు మేము ఇంటర్మీడియట్ చదువుతున్నాము. తెల్లవారి చూస్తే తోటల్లో కొబ్బరిచెట్లు దువ్వినట్లు ఒకే వైపుకు పడి ఉన్నాయి. ఆ తుఫానులో వెయ్యిమందికి పైగా చనిపోయారు. మా ఇంట్లో అందరమూ బ్రతికి ఉన్నాము గనుక పోయిన ఇంటి గురించి అమ్మ ఒక్క మాట కూడా అనలేదు.

పెరటిలో మా తాతగారు నాటిన పెద్ద మామిడిచెట్టు ఆ రాత్రే కూలింది. నాన్నగారు దానిని కోతమిల్లుకు తోలించి పలకలు కోయించారు. 1998లో డాబా వేసినప్పుడు ఎనిమిది కిటికీలలో ఆరింటికి చట్రాలు, రెక్కలు ఆ మామిడి చెక్కతోనే చేయించారు. వీధివైపు ఉన్న రెండింటికి మాత్రం అప్పు చేసి టేకు పెట్టించారు. మామిడి చెక్కను చెద ఇష్టంగా తింటుందని ఆయనకు తెలుసు. అందుకే ఏటా ఎండాకాలంలో సెలవులు ఇవ్వగానే కిటికీలన్నిటికీ కిరసనాయిలు పూసేవారు. మే నెల అంటే మాకు ఇప్పటికీ ఆ వాసనే జ్ఞాపకం వస్తుంది.

నాన్నగారు 2019లో చనిపోయారు. అమ్మ రెండేళ్ళు ఒంటరిగా ఆ ఇంట్లోనే ఉంది. మోకాళ్ళు పనిచేయకపోవడంతో 2022లో మా దగ్గరకు తెచ్చుకున్నాము. మేమేమో ఏలూరు జిల్లా మెట్ట ప్రాంతంలో ఒక సంఘానికి కాపరిగా ఉన్నాము. తమ్ముడు అమలాపురంలో ఉంటాడు. రొయ్యల చెరువు కౌలుకు తీసుకొని రెండు పంటలు వరుసగా పోగొట్టుకున్నాడు. అక్కను రాజోలు వైపు ఇచ్చాము. ఇల్లు సంవత్సరం పైగా తాళం వేసి ఉంది. తాళం వేసిన ఇల్లు చెదకు పండుగ.

అమ్మేద్దామని నలుగురమూ అనుకున్నాము. ఇక్కడ ఒక సంగతి చెప్పాలి, ఎందుకంటే మన కుటుంబాలలో చాలామందికి ఇది తెలియదు. క్రైస్తవులకు వర్తించే 1925 నాటి భారత వారసత్వ చట్టం ప్రకారం, వీలునామా వ్రాయకుండా భర్త చనిపోతే భార్యకు మూడవ వంతు వస్తుంది. మిగిలిన రెండు వంతులు పిల్లలందరికీ, ఆడపిల్లలతో సహా, సమానంగా వస్తాయి. కాబట్టి మా ఇంట్లో అక్క సంతకం పెట్టడం మర్యాద కోసం కాదు, హక్కు కొద్దీ. బావగారు ఈ మాట మాకంటే ముందే తెలుసుకొని వచ్చారు. అది వేరే సంగతి.

ఇల్లు శుభ్రం చేయించడానికి వెళ్ళిన రోజున వడ్రంగి మేస్త్రి ఉలి పిడితో ఒక్కొక్క కిటికీని తట్టుకుంటూ వచ్చాడు. వీధి కిటికీలు రెండూ ఖంగుమన్నాయి. మిగిలినవి అట్టపెట్టె తట్టినట్లు పలికాయి. పైకి ఏమీ కనబడదు. రంగు రంగులాగానే ఉంది. వంటింటి కిటికీ క్రింది పట్టె మీద వేలు పెట్టి నొక్కాడు, వేలు లోపలికి దిగిపోయింది. లోపల చెక్క లేదు, మట్టి ఉంది.

అప్పుడు మొదలైంది లెక్క. మేస్త్రి మూడు దారులు చెప్పాడు. ఆరింటికీ క్రొత్త టేకు పెట్టాలంటే లక్షా నలభై వేలు. ఎందుకంటే చట్రం గోడలో పాతుకొని ఉంటుంది. దానిని తీయాలంటే చుట్టూ గోడ త్రవ్వాలి, మళ్ళీ సిమెంటు పూత వేయాలి, ఆ గోడకు రంగు వేస్తే ప్రక్క గోడ వెలవెలబోతుంది గనుక దానికీ వేయాలి. కిటికీతో మొదలైన పని కిటికీతో ఆగదు. యూపీవీసీ కిటికీలైతే, చెద ముట్టదు గనుక, డెబ్బై వేలలో అవుతుంది. మూడవ దారి చెప్పేటప్పుడు మాత్రం మేస్త్రి మావైపు చూడలేదు. “లప్పం పెట్టించి ఎనామిల్ రంగు కొట్టించేస్తే తొమ్మిది వేలలో పోతుందండి. రెండు మూడేళ్ళు ఎవరికీ తెలియదండి.”

బావగారు, తమ్ముడు ఇద్దరూ ఆ మూడవ దారే మంచిదన్నారు. తమ్ముడు అన్నది పూర్తిగా తప్పని ఇప్పటికీ అనలేము. “అన్నయ్యా, పల్లెటూళ్ళో పాత ఇల్లు కొనేవాడు స్థలం చూసి కొంటాడు. ఆరు సెంట్లకు ధర కడతాడు గాని కిటికీలకు కడతాడా? రేపు కొన్నవాడు పడగొట్టి మేడ వేసుకుంటే మనం పెట్టిన టేకు ఎవరికి?” అన్నాడు. అది నిజం. క్రొత్త కిటికీలకు పెట్టిన డబ్బు ఇంటి ధరలో తిరిగి వస్తుందనే నమ్మకం లేదు. కాని క్రొత్తవి పెట్టకపోవడం ఒకటి, పాతవాటికి లప్పం పెట్టడం ఒకటి. ఆ రెండింటి మధ్య తేడా మాకు ఆ రోజు కనబడలేదు. కనబడినా చూడలేదు. అప్పులవాళ్ళు తమ్ముడి ఇంటి ముందు కూర్చుంటున్నారు. అమ్మ మోకాళ్ళ ఆపరేషనుకు డబ్బు కావాలి. మేము సరే అన్నాము. రంగు డబ్బా కొనడానికి వెళ్ళిందీ మేమే.

పెయింటరు రెండు కిటికీలు పూర్తి చేసి మూడవదానికి లప్పం రాస్తుండగా కొనేవారు వచ్చారు. ప్రక్క ఊరి పెద్దాయన, అరవై ఏళ్ళుంటాయి. ఇల్లు కొంటున్నది ఆయన కుమార్తె. ఆమె కువైట్‌లో ఇళ్ళలో పని చేస్తోంది. పెద్దాయన సైకిలు గోడకు ఆనించి, చెప్పులు బయట విడిచి లోపలికి వచ్చారు. రంగు ఆరిన కిటికీ మీద అరచేయి పెట్టి నిమిరారు.

“బాగుందండి. మీ నాన్నగారి దగ్గర మూడో తరగతి చదువుకున్నానండి నేను. మేష్టారి ఇల్లు, పైగా అయ్యగారు అమ్ముతున్నారు. చూడాల్సిందేముందండి?” అన్నారు.

పద్దెనిమిది లక్షల యాభై వేలకు మాట కుదిరింది. సోమవారం బయానా ఇస్తామన్నారు.

శనివారం మా సంఘానికి తిరిగి వచ్చాము. ఆదివారం ఆరాధనలో ఏమి ప్రసంగించామో ఇప్పుడు జ్ఞాపకం లేదు. ప్రసంగపీఠం చెక్కను పట్టుకొని నిలబడి, ఇది లోపల ఎలా ఉందో అని ఆలోచించడం మాత్రం జ్ఞాపకం ఉంది. ఆ రాత్రి మా సతీమణి ఒక్క మాట అడిగారు. “ఆ అమ్మాయి కువైట్ వెళ్ళి ఎన్నేళ్ళయిందో అడిగారా?” అడగలేదన్నాము. “నేను మధ్యవర్తి భార్యను అడిగాను. పదకొండేళ్ళట. పిల్లలను వీళ్ళ దగ్గరే వదిలి వెళ్ళిందట.”

అప్పుడు కూడా మేము తప్పించుకొనే దారే వెదికాము. పోనీ, అప్పు చేసి క్రొత్త కిటికీలు పెట్టించేద్దాము, అప్పుడు ఎవరికీ ఏమీ చెప్పనక్కరలేదు గదా అనుకున్నాము. రాత్రి పదింటికి మేస్త్రికి ఫోను చేశాము. అతడన్న మాటతో ఆ దారీ మూసుకుపోయింది. “అయ్యగారూ, చెద కిటికీలో పుట్టలేదండి. నేలలో ఉందండి. క్రొత్త టేకు పెట్టినా గుమ్మాలున్నాయి, అలమార్లున్నాయి. వాటిమీద పడుతుందండి.”

ఇది చదువరులకు ఉపయోగపడే సంగతి గనుక కొంచెం వివరిస్తాము. మన ప్రాంతపు ఇళ్ళలో కనబడే చెదకు గూడు చెక్కలో కాదు, భూమిలో ఉంటుంది. అక్కడి తడిని తెచ్చుకుంటూ, పునాది పగుళ్ళగుండా, గోడ వెంట మట్టి గొట్టాలు కట్టుకుంటూ పైకి ఎక్కుతుంది. వెలుతురు, గాలి దానికి పడవు. అందుకే రంగు పొరను ముట్టకుండా లోపలి చెక్కను మాత్రం తింటుంది. టేకులో కూడా నడిమి చేవ తట్టుకుంటుంది గాని పైనున్న తెల్ల చెక్కను అది వదలదు. దానిని ఆపాలంటే గోడ, నేల కలిసే చోట అడుగుకొక రంధ్రం చొప్పున వేసి మట్టిలోకి మందు దింపాలి. తరువాతే చెక్క సంగతి. నేలకు మందు వేయకుండా కిటికీలు మారిస్తే, జబ్బును దాచడానికి లప్పం బదులు టేకు వాడినట్లే. మేము అంతవరకు మార్చాలా వద్దా అని తర్జనభర్జన పడ్డాము. మార్చినా, మార్చకపోయినా, చెప్పవలసిన మాట అలాగే మిగిలి ఉంది.

అమ్మకు చెప్పాము. మూడవ వంతు ఆమెదే గదా. మంచం మీద కూర్చొని విన్నది. “మీ నాన్న ఏటా కిరసనాయిలు పూసేవాడు. ఆయన పోయాక నేను పూయలేదు. చెప్పేయండిరా. నా మోకాళ్ళు ఎక్కడికీ పోవు” అంది.

సోమవారం తెల్లవారుజామున మొదటి బస్సు ఎక్కాము. తమ్ముడికి చెప్పలేదు. చెబితే ఆపుతాడని భయం. అది మేము చేసిన రెండవ తప్పు.

పెద్దాయన అరుగు మీద కొబ్బరి మట్టలు చీలుస్తున్నారు. బయానా డబ్బు కోసం వచ్చామనుకొని లోపలికి వెళ్ళబోయారు. ఆపి, ఆరు కిటికీల సంగతి, నేలలోని చెద సంగతి, లప్పం సంగతి అంతా చెప్పాము. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తరువాత కోపం లేకుండానే అడిగారు. “మరి మొన్న నేను చెయ్యి పెట్టి చూసినప్పుడు ఎందుకు చెప్పలేదండి?”

ఆ ప్రశ్నకు మా దగ్గర జవాబు లేకపోయింది. ఇరవై సంవత్సరాలుగా నలుగురి ముందు నిలబడి మాట్లాడుతున్నవారము, తల వంచుకొని నిలబడ్డాము. “తప్పయిందండి” అన్నాము.

ఆయన కుమార్తెకు ఫోను కలిపారు. ఆమె పనిలో ఉంది, రాత్రి మాట్లాడతానంది. ఆ రాత్రి అక్కడే, మా పాత ఇంట్లో చాప వేసుకొని పడుకున్నాము. తొమ్మిదింటికి ఆమె చేసింది. తిట్టలేదు. ఒక్కొక్కటే అడిగింది: గుమ్మాలకు పట్టిందా? స్లాబు బాగుందా? ఎక్కడైనా ఊచలు తేలాయా? బావి నీరు ఉప్పగా ఉంటుందా? తెలిసినదంతా చెప్పాము. చివరకు, “నేను చెక్క పెట్టనండి. యూపీవీసీ పెట్టించుకుంటాను. మందు, కిటికీలు కలిపి తొంభై వేలు తగ్గించండి. ఇల్లు మాత్రం తీసుకుంటాను” అంది. మరునాడు మేస్త్రిని పిలిచి లెక్క చూపిస్తే సరిగానే ఉందన్నాడు. అంతదూరంలో ఉండి ఆ పిల్ల కట్టిన లెక్క అది.

తొంభై వేలలో అమ్మ వంతు ముప్ఫై వేలు, మా ముగ్గురికీ తలా ఇరవై వేలు తగ్గాయి. అక్క ఏమీ అనలేదు. బావగారు అన్నారు. తమ్ముడైతే ఫోనులో ఒక్కటే మాట అడిగాడు. “అన్నయ్యా, నీ మనస్సాక్షికి నా ఇరవై వేలు కావలసి వచ్చాయా?” ఆ మాట ముల్లులా గుచ్చుకుంది. వాడిని ముందే అడిగి ఉండవలసింది. ఆ సొమ్ము మా వాటాలోనుండి ఇస్తామన్నాము. వద్దని ఫోను పెట్టేశాడు.

దస్తావేజు వ్రాయించేటప్పుడు లేఖరి మాటల్లో ఒక సంగతి బయటపడింది. 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టంలో 55వ సెక్షను ఉన్నదట. కొనేవాడు మామూలు జాగ్రత్తతో కనిపెట్టలేని ముఖ్యమైన లోపం అమ్మేవాడికి తెలిసి ఉంటే, అది చెప్పి తీరాలి. చెప్పకపోతే మోసం క్రిందే లెక్క. మా ప్రక్కన కూర్చున్న తమ్ముడు ఆ మాట విన్నాడు. తల ఎత్తలేదు. సంతకం పెట్టి, టీ కూడా త్రాగకుండా వెళ్ళిపోయాడు.

రెండు నెలలు ఫోను లేదు. అమ్మ ఆపరేషను రోజున మాత్రం ఆసుపత్రికి మాకంటే ముందే వచ్చి కూర్చున్నాడు. ఆ డిసెంబరులో క్రిస్మస్‌కు పిల్లలతో మా దగ్గరకు వచ్చాడు. భోజనాలయ్యాక ముందు గదిలో కిటికీ ప్రక్కన కూర్చొని, ఏదో మాట్లాడుతూ మధ్యలో ఆగి, కిటికీ రెక్కను వేలి కణుపుతో రెండుసార్లు తట్టాడు. చెవి దగ్గర పెట్టి విన్నాడు.

“ఇది గట్టిగానే ఉంది అన్నయ్యా” అన్నాడు.