పొగ చదివేవాళ్లం

ఇంజను పొగేస్తోందంటే ముందు పొగ రంగు చూడాలి, పానా పట్టుకోవడం ఆ తర్వాతే. మా అబ్బా మాకు నేర్పిన మొదటి పాఠమిది. పెట్రోలు ఇంజను నల్లపొగ వదిలితే లోపలికి పెట్రోలు ఎక్కువ పోతోందని, గాలి చాలడం లేదని. ఎయిర్ ఫిల్టరు దుమ్ముతో మూసుకుపోయిందో, చోకు సగంలో ఇరుక్కుందో చూసుకోవాలి. నీలిపొగ అయితే ఇంజనాయిలు మండుతోంది. ఆయిలు మండే దారులు చాలా ఉన్నాయి. మా బతుకు ఆ దారులు వెతకడంలోనే సగం గడిచింది.

మేం ముగ్గురు అన్నదమ్ములం. నల్గొండ జిల్లాలో ఓ చిన్న టౌన్లో బస్టాండు వెనక రేకుల షెడ్డు మాది. తాత సైకిళ్లు బాగుచేశాడు. అబ్బా బావుల మీది ఆయిలింజన్లు విప్పాడు. మేం స్కూటర్లతో మొదలుపెట్టి ఇప్పుడు పత్తిచేలల్లో కలుపు తీసే పవర్ వీడర్ల దాకా, గడ్డి కోసే మిషన్ల దాకా వచ్చాం. బావులకు కరెంటు మోటార్లొచ్చి ఆయిలింజను పోయింది. టూ స్ట్రోక్ స్కూటరూ పోయింది. బోర్డు మీద మా పేర్లు రాయించి పాతికేళ్లయినా 'సాయిబు షెడ్డు' మాత్రం పోలేదు. దానికి అలవాటుపడ్డాం. అలవాటు కానిది ఇంకోటుంది. పని బాగా కుదిరిన ప్రతిసారీ వచ్చే మెప్పు: "మీ తురకోళ్లకు ఈ పని పుట్టుకతోనే వస్తది సాయిబూ."

పుట్టుకతో ఏమొస్తుందో వినండి. నిరుడు వానాకాలం ఓ రైతు ట్రాలీలో పవర్ వీడర్ వేసుకొచ్చాడు. ఇటుకబట్టీలా నీలిపొగ. ఇంకో షాపులో బోరు పోయిందని, కొత్త ఇంజను వేసుకోమని చెప్పారట. ట్రాలీలో పక్కకు పడేసి తెచ్చినా ఆయిలు సిలిండర్లోకి పాకి కాసేపు పొగొస్తుంది, నడిపితే తగ్గిపోతుంది. ఇది తగ్గలేదు. డిప్‌స్టిక్ తీశాం. ఆయిలు గీత దాటి ఉంది, నీళ్లలా పల్చగా ఉంది, పెట్రోలు వాసన కొడుతోంది. అంటే కార్బురేటర్లో నీడిల్ అరిగింది. బండి ఆగి ఉన్నప్పుడు కూడా పెట్రోలు దిగి, సిలిండరు దాటి ఆయిల్లో కలుస్తోంది. ఆయిలొక్కటే మార్చి పంపితే వారంలో మళ్లీ వస్తాడు. నీడిల్ మార్చాం, ఆయిలు మార్చాం. పొగ సగం తగ్గింది. సగం అలాగే ఉంది.

ఇక్కడే చాలామంది తొందరపడతారు. కంప్రెషన్ గేజి పెట్టి, ముల్లు తక్కువ చూపిస్తోందని రింగులు మార్చేస్తారు. ఇలాంటి చాలా ఇంజన్లలో తాడు సులువుగా లాగడానికి, స్టార్టయ్యే వేళ వాల్వు కాస్త ఎత్తిపట్టే ఏర్పాటుంటుంది. మంచి ఇంజనుకు కూడా గేజి తక్కువే చూపిస్తుంది. అందుకని మేం రెండు వాల్వులూ మూసుకునేలా పిస్టన్‌ని పైకి తెచ్చి ఆపి, ప్లగ్గు రంధ్రంలోంచి కంప్రెసరు గాలి పెడతాం. ఆ తర్వాత చెవి పెట్టి వింటాం. సైలెన్సర్లో బుస్సుమంటే ఎగ్జాస్టు వాల్వు. కార్బురేటర్లో అయితే ఇన్‌టేక్ వాల్వు. ఆయిలు పోసే మూత దగ్గరైతే రింగులు. దీనికి మూత దగ్గరే వచ్చింది. అయినా మేం రింగుల జోలికి పోలేదు. వాల్వులు పైన ఉండే ఇంజన్లో హెడ్ గ్యాస్కెట్ పుష్‌రాడ్ల వైపు పేలినా గాలి కిందికే దిగుతుంది, అచ్చం రింగులు పోయినట్టే వినిపిస్తుంది. హెడ్ విప్పాం. గ్యాస్కెట్ మీద ఆ వైపుకే నల్లగా కాలిన చార. అద్దం మీద సన్న ఎమెరీ కాగితం పరిచి హెడ్ రుద్ది చదును చేశాం, కొత్త గ్యాస్కెట్ వేశాం. సైలెన్సర్లో మిగిలిన ఆయిలు కాలేదాకా ఓ పది నిమిషాలు పొగొచ్చింది. తర్వాత లేదు.

ఇది పుట్టుకా? అబ్బా దెబ్బలు తిని, బడి ఏడో తరగతిలో మానేసి, వేళ్లు కాల్చుకుని నేర్చుకున్నది. పుట్టుక అంటే చదువు అని ఒప్పుకోనక్కర్లేదు. డబ్బూ ఇవ్వక్కర్లేదు.

మా చేతుల మీద ఉన్న నమ్మకం మా మీద లేదన్న సంగతి 2020 ఏప్రిల్‌లో తేలిపోయింది. లాక్‌డౌన్లో వ్యవసాయ పనులకు మినహాయింపు ఉండేది కాబట్టి మిషన్లు వచ్చేవి. అబ్బా కాలం నుంచి వచ్చే ఓ పెద్దమనిషి మిషన్ను రోడ్డవతలే దించి, "మీవాళ్ల వల్లనే గదా ఇదంతా" అన్నాడు. మేమెవరం ఢిల్లీ మొహం చూడలేదు. బాగుచేశాక హ్యాండిలు మీద బ్లీచింగు నీళ్లు చల్లి తీసుకుపోయాడు. దూరం అందరూ పాటించారు, అది తప్పు కాదు. ఎరువుల దుకాణం ముందు ఆయన భుజాలు రాసుకుంటూ నిలబడటం మాత్రం మేం ఇక్కణ్ణుంచే చూశాం.

ఇప్పుడు మా పెద్దన్న బిడ్డ పాలిటెక్నిక్‌లో మెకానికల్ చదువుతోంది. 2007లో చట్టం చేసిన 4 శాతం బీసీ–ఇ కోటాలో సీటొచ్చింది. సెలవుల్లో షెడ్డుకొచ్చి మేం చెప్పేవన్నీ నోటుబుక్కులో రాస్తుంది, పక్కన పుస్తకంలోని పేర్లు రాస్తుంది. అక్కడ కూడా ఒకరు అన్నారట, "నీకేంటమ్మా, చదవకపోయినా వస్తుంది, మీ రక్తంలోనే ఉంది" అని. రాత్రి ఒంటిగంట దాకా లైటు వేసుకుని కూర్చునేది మాకు తెలుసు.

ఆ పవర్ వీడర్ బిల్లు ఆమే రాసింది. నీడిల్, గ్యాస్కెట్, ఆయిలు, కూలి. వాటి కింద ఎప్పుడూ లేని ఒక వరస: 'లోపం కనిపెట్టినందుకు 200.' రైతు చదివి నవ్వాడు.

"ఇదేంది బిడ్డా, చూసినందుకు గూడ పైసలా?"

"డాక్టరుకు ఇయ్యరా కాకా?"

కొత్త ఇంజను ఖర్చు తప్పిందని ఆయనకూ తెలుసు. సామానుకు, కూలికి లెక్కపెట్టి ఇచ్చాడు. 200 ఇవ్వలేదు. "పత్తి అమ్మినంక చూద్దాం" అని బండెక్కాడు. బిడ్డ ఆ 200 ఖాతా పుస్తకంలో ఆయన పేరు మీద బాకీ రాసింది. మేం కొట్టేయలేదు.